చలికాలపు బడి వేళలు ముందే ఖరారు కావాలా, చలి ముదిరాక మార్చాలా?

చర్చ ప్రారంభం: ఆదిలాబాద్ తల్లి

ఎండాకాలంలో ఒంటిపూట బడులు మార్చి మధ్యలో మొదలవుతాయని మనందరికీ ముందే తెలుసు. వడదెబ్బ తగిలిన పిల్లలను లెక్కపెట్టాక ఎవరూ ఆ నిర్ణయం తీసుకోరు. చలికాలానికి మాత్రం అలాంటి తేదీ లేదు. మా జిల్లాలో చలి బాగా ముదిరి, పత్రికల్లో ఉష్ణోగ్రతలు పతాక శీర్షికలైన తరువాత, కలెక్టరు ఉత్తర్వు ఇస్తేనే బడి వేళ మారుతుంది. ఇటీవలి చలికాలంలో తొమ్మిది గంటల బడిని ఆ విధంగానే 9:40కి జరిపి, సాయంత్రం 4:30కి వదిలారు. ఆ ఉత్తర్వును నేను మనసారా స్వాగతించాను. అయితే అది రావడానికి ముందు గడిచిన వారాల సంగతి ఏమిటన్నది నా ప్రశ్న.

ఉద్యోగం చేసే తల్లిదండ్రుల ఇంట్లో చలి మొదలైన నాటి నుంచి ఉదయపు పనులన్నీ ఒక్కసారిగా బరువెక్కుతాయి. రాత్రి రుబ్బిన పిండి తెల్లవారేసరికి పొంగదు కాబట్టి ఇడ్లీ మాట మరచి ఉప్మాకో రొట్టెకో పూనుకోవాలి. సాయంత్రం ఉతికిన యూనిఫాం ఉదయానికి ఆరదు. బకెట్‌లో రాడ్డు పెట్టి నీళ్లు కాగేవరకు కాచుకోవాలి, ఆ స్విచ్ ఆపేవరకు చిన్నవాణ్ణి ఆ దరిదాపులకు రానివ్వకుండా చూసుకోవాలి. దుప్పటిలోంచి బయటికి రానని మొరాయించే పిల్లలను నిద్ర లేపడం వీటన్నిటికన్నా కష్టం. గడియారం మాత్రం అక్టోబరులో ఎంత వేగంగా నడిచిందో డిసెంబరులోనూ అంతే వేగంగా నడుస్తుంది.

మాది సముద్రానికి దూరంగా ఉన్న ప్రాంతం కావడం వల్ల గాలిలో తేమ తక్కువ, ఆకాశం నిర్మలం. రాత్రంతా నేల వేడిని కోల్పోయి, సూర్యోదయ సమయంలోనో ఆ తరువాత కాసేపటికో ఉష్ణోగ్రత అట్టడుగుకు చేరుతుంది. ఎండ పడిన తరువాత అంతే త్వరగా పెరుగుతుంది. అందువల్ల ఉదయం నలభై నిమిషాల తేడా పిల్లల ఒంటికి చాలా పెద్ద తేడా. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు లేదా అంతకన్నా దిగువకు చేరి, సాధారణం కన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గినప్పుడు వాతావరణ శాఖ దానిని శీతల గాలులుగా ప్రకటిస్తుంది. వాతావరణ పరిశీలనకు ఆ కొలమానం సరైనదే కావచ్చు. కానీ 11 డిగ్రీల చలిలో తెరచి ఉన్న ఆటో అంచున కూర్చుని బడికి వెళ్లే రెండో తరగతి పిల్లవాడికి ఆ నిర్వచనం వల్ల ఒరిగేదేమీ లేదు.

కాబట్టి నవంబరు మధ్య నుంచి జనవరి చివరి వరకు ఉత్తర తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ, ప్రైవేటు బడులన్నీ ఉదయం 9:40కి మొదలు కావాలని, ఆ సంగతిని జూన్‌లో వెలువడే విద్యా క్యాలెండర్‌లోనే ప్రకటించాలని నా ప్రతిపాదన. పంజాబ్ ప్రభుత్వ పాఠశాలలకు ఇలాంటి చలికాలపు వేళలు ముందుగానే ఉంటాయి. మనకు ఎందుకు ఉండకూడదో, ఒప్పుకోని వారు కారణాలతో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

శ్రీరాంపూర్ తండ్రి

ఆదిలాబాద్ సోదరి గారికి నమస్కారం. పిల్లల చలి గురించి మీరు రాసిన ప్రతి మాటా నిజమే. అయినా మీ ప్రతిపాదనను నేను వ్యతిరేకిస్తున్నాను.

నాది గనిలో మొదటి షిఫ్టు. ఏడు గంటలకు పని మొదలవుతుంది కాబట్టి తెల్లవారకముందే ఇల్లు వదులుతాను. నా భార్య అంగన్‌వాడీ టీచరు, తొమ్మిదికల్లా కేంద్రం తెరవాలి. మా ఇద్దరు పిల్లలు ఇప్పుడు తల్లితోపాటే బయలుదేరి, తొమ్మిదికి బడిలో అడుగు పెడుతున్నారు. బడి 9:40కి మారితే ఆ నలభై నిమిషాలు వాళ్లు ఎవరి దగ్గర ఉండాలి? పక్కింటి వాళ్లు ఒకటి రెండు రోజులు చూస్తారు, రెండున్నర నెలలు చూడరు. తాళం చెవి ఎనిమిదేళ్ల అమ్మాయి చేతికిచ్చి వెళ్లాలా, లేక ఆ చలిలోనే బడి గేటు బయట నిలబెట్టి వెళ్లాలా? గేటు ముందు నిలబడిన పిల్లలకు పట్టే చలి ఆటోలో పట్టే చలికన్నా తక్కువేమీ కాదు.

కలెక్టరు ఉత్తర్వు వచ్చిన రోజుల్లో మా ఇంట్లో జరిగింది ఇదే. కొద్ది రోజులే కాబట్టి నా షిఫ్టు మార్చుకుని సర్దుకున్నాం. దానిని శాశ్వతం చేస్తే, పది గంటలకు ఆఫీసు మొదలయ్యే ఇళ్లకు మేలు, ఏడుకో ఎనిమిదికో పనిలోకి వెళ్లే ఇళ్లకు కీడు జరుగుతుంది. వేళ మార్చే బదులు తరగతి గదుల కిటికీలకు తలుపులు పెట్టించండి, ప్రార్థనను ఆరుబయట చల్లటి నేల మీద కాకుండా ఎండ తగిలే చోట జరిపించండి, స్వెట్టర్ లేని పిల్లలకు ప్రభుత్వం స్వెట్టర్ ఇవ్వాలని అడగండి. వాటి కోసం నేనూ మీతో వస్తాను.

ఉట్నూరు ఉపాధ్యాయుడు

నేను ఉన్నత పాఠశాలలో పాఠం చెబుతాను, ఇద్దరు పిల్లల తండ్రిని కూడా. ఇద్దరూ ఉదయం గురించే మాట్లాడారు కాబట్టి సాయంత్రం సంగతి నేను చెప్పవలసి వస్తోంది.

సంవత్సరంలో అతి చిన్న పగలు డిసెంబరు 21 లేదా 22న వస్తుందన్నది అందరికీ తెలిసిందే. కానీ మన ప్రాంతంలో సూర్యుడు అన్నిటికన్నా తొందరగా అస్తమించేది ఆ రోజున కాదు, నవంబరు చివరి వారంలో. అప్పుడు ఆదిలాబాద్‌లో 5:36 ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. సూర్యుడు అన్నిటికన్నా ఆలస్యంగా ఉదయించేది జనవరి మధ్యలో. అప్పుడు సూర్యోదయం 6:50 దాటుతుంది, సాయంత్రం మాత్రం ఆరు గంటల దాకా వెలుతురు ఉంటుంది. అంటే సోదరి గారు బడి వేళ మార్చమంటున్న నవంబరులోనే సాయంత్రపు వెలుతురు మనకు అతి తక్కువ.

పదో తరగతి పిల్లలకు ఆ నెలల్లోనే ప్రత్యేక తరగతులు ఉంటాయి. 4:30కి బడి వదిలి, గంటసేపు ప్రత్యేక తరగతి నడిపితే, అడవి అంచున ఉన్న గూడేలకు నడిచి వెళ్లే ఆడపిల్లలు చీకట్లో ఇల్లు చేరాలి. వాళ్ల తల్లిదండ్రులు అందుకు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడం న్యాయమే. చివరకు మానేసేది ప్రత్యేక తరగతినే. ఇంకో విషయం, ఉదయం నలభై నిమిషాలు తగ్గించి సాయంత్రం కొద్ది నిమిషాలే కలిపితే రోజూ కొంత బోధన సమయం పోతుంది. కొద్ది రోజులకు అది లెక్కలోకి రాదు, రెండు నెలలకు మించితే సిలబస్ మీద పడుతుంది.

శ్రీరాంపూర్ సోదరుడు చెప్పిన ఇబ్బంది గని కార్మికులకే పరిమితం కాదు. నా తరగతిలో ఎక్కువ మంది తల్లిదండ్రులు నవంబరు నుంచి పత్తి ఏరే పనికి వెళతారు. మంచు తడి ఆరకముందే ఏరిన పత్తిలో తేమ ఎక్కువగా ఉంటుంది. కాటన్ కార్పొరేషన్ 8 శాతం తేమ వరకే పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 శాతం దాటితే కొనదు. అందుకని రైతులు పొద్దెక్కిన తరువాతే పత్తి ఏరించాలనుకుంటారు. అంటే చలికాలంలో చేను తన వేళను తానే వెనక్కి జరుపుకుంటుంది. అయినా దూరపు చేలకు కూలీలను ఎక్కించుకునే ట్రాలీ ఆటో మాత్రం ఊరూరా ఆగుతూ వెళ్లాలి కాబట్టి పెందలాడే కదులుతుంది. తల్లి వెళ్లిపోయిన తరువాత బడికి ఇంకా గంట సమయం ఉంటే, పెద్దమ్మాయి చిన్నవాడికి కాపలాగా ఇంట్లో ఉండిపోతుంది. కొన్నాళ్లకు ఆ పెద్దమ్మాయి కూడా చేనుకు వెళ్లడం మొదలవుతుంది. చలి కన్నా నాకు ఈ భయమే ఎక్కువ.

నా అభిప్రాయం: ప్రాథమిక పాఠశాలలకు వేళ మార్చండి, ఉన్నత పాఠశాలలకు జనవరిలో మాత్రమే మార్చండి.

హైదరాబాద్ తల్లి

మా నగరంలో చలి మీ ఊళ్లంత ఉండదు కనుక ఎక్కువ రాయను. ప్రైవేటు బడులకు కూడా వర్తించాలన్నారు కాబట్టి ఒక్క మాట. చాలా బడుల్లో ఒకే బస్సు రెండు విడతలు తిరుగుతుంది, మొదట పెద్ద తరగతుల వాళ్లను దింపి, తిరిగి చిన్న తరగతుల వాళ్ల కోసం వెళుతుంది. బడి నలభై నిమిషాలు జరిగితే రెండో విడత సరిగ్గా ఆఫీసుల రద్దీలో చిక్కుకుంటుంది. తెల్లవారుజామున పొగమంచు కమ్మిన రోజుల్లో బస్సు ఆలస్యంగా కదలడమే క్షేమమన్నదీ నిజం. అందుకే ప్రారంభ వేళకన్నా మొదటి బస్సు ఎన్ని గంటలకు రోడ్డెక్కాలన్న దానికి ప్రభుత్వం హద్దు పెడితే మాలాంటి వారికి ఎక్కువ ఉపయోగం.

ఆశ్రమ పాఠశాల విద్యార్థి మేనమామ

ఇంతసేపూ ఇంటి నుంచి బడికి వెళ్లే పిల్లల గురించే చర్చ సాగింది. మా అక్క కొడుకు ఆశ్రమ పాఠశాలలో చదువుతాడు. వాడికి బడి తొమ్మిదికి మొదలైనా పదికి మొదలైనా తేడా లేదు. ఎందుకంటే చీకటి ఉండగానే లేపి చదివిస్తారు, ఆ చదువుకు ముందో వెనకో చన్నీళ్ల స్నానం తప్పదు. తిర్యాణి, సిర్పూర్ (యు) వంటి మండలాల్లో చలి ఎంతగా దిగుతుందో పత్రికల్లో చూస్తూనే ఉంటారు. సోలార్ హీటరు ఉన్న చోట కూడా అది పనిచేయకపోతే బాగు చేయించేవారు ఉండాలి. వేళల గురించి వినతిపత్రం రాస్తే, వసతి గృహాల్లో వేకువ చదువును సూర్యోదయం తరువాతికి మార్చాలని, స్నానానికి వేడినీళ్లు ఇవ్వాలని కూడా రాయండి. తల్లిదండ్రులు దగ్గర లేని పిల్లల తరఫున అడిగేవారు తక్కువ.

ఆదిలాబాద్ తల్లి

అందరికీ కృతజ్ఞతలు. మేనమామ గారి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో ఎవరికీ నష్టం లేదు. వసతి గృహాల్లో వేకువ చదువు, వేడినీళ్ల అంశాలను వినతిలో విడిగా, స్పష్టంగా చేరుస్తాను.

ఉపాధ్యాయుల వారు చెప్పిన సూర్యాస్తమయపు లెక్కకు నా దగ్గర జవాబు లేదు. ఉన్నత పాఠశాలలకు జనవరిలో మాత్రమే అన్న మీ సూచనను స్వీకరిస్తున్నాను. పోయే బోధన సమయాన్ని మధ్యాహ్న విరామంలో కొంత కోసి పూడ్చవచ్చని కొందరు అంటారు, కానీ నేను ఒప్పుకోను. వందల మంది పిల్లలు వరుసలో నిలబడి అన్నం తినే చోట ఆ విరామం ఇప్పటికే చాలడం లేదు. ప్రాథమిక తరగతుల్లో కోల్పోయే నిమిషాలను భరించవచ్చన్నదే నా అభిప్రాయం. వణుకుతూ వేళ్లు ముడుచుకున్న పిల్లవాడు మొదటి పీరియడ్‌లో రాసేది ఎలాగూ అంతంత మాత్రమే.

బస్సు విషయంలో హైదరాబాద్ సోదరి గారి సూచన నగరానికి సరిపోతుంది. మా పట్టణంలో ఎక్కువ మంది ఆటోల్లో వెళతారు కాబట్టి బడి వేళను బట్టే ఆటో కదులుతుంది.

శ్రీరాంపూర్ సోదరా, మీ ప్రశ్న అన్నిటికన్నా కష్టమైనది. తరగతులు 9:40కి మొదలైనా, బడి గేటు, కనీసం రెండు గదులు పాత వేళకే తెరవాలని నేను అడగదలిచాను. ఉపాధ్యాయులు వంతులవారీగా ఒకరు ముందుగా రావాలి. ముందు వచ్చిన పిల్లలు లోపల కూర్చుని చదువుకోవచ్చు, ఎండలో ఆడుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్న పిల్లలు ఎండ ఎక్కాక వస్తారు. అలా ఏ ఇంటి అవసరాన్ని బట్టి ఆ ఇల్లు నిర్ణయించుకుంటుంది. ముందే తేదీ ప్రకటించాలని నేను పట్టుబట్టేదీ ఇందుకే. రాత్రికి రాత్రి వచ్చే ఉత్తర్వుకు ఏ ఉపాధ్యాయుడూ వంతులు వేసుకోలేడు, కార్మికులందరూ మీలా షిఫ్టు మార్చుకోలేరు. తేదీ జూన్‌లోనే తెలిస్తే ఆ రెండూ సాధ్యమే.

శ్రీరాంపూర్ తండ్రి

గదులు పాత వేళకే తెరుస్తారంటే నా అభ్యంతరంలో చాలా భాగం తొలగుతుంది, కానీ పూర్తిగా తొలగదు. ఒక్క ఉపాధ్యాయుడే ఉన్న బడులు మన జిల్లాల్లో ఉన్నాయి, అక్కడ వంతులు ఎవరితో వేసుకుంటారు? ఆ బడులకు వేళ మార్చకపోవడమే మంచిదని నేను ఇప్పటికీ అంటాను. పైగా ఇలాంటి ఉత్తర్వుల్లో కొత్త వేళ అమలవుతుంది, పిల్లల కోసం పెట్టిన షరతు కాగితం మీదే మిగులుతుంది. వినతిలో గేటు తెరిచే అంశాన్ని మొదట పెట్టి, అది అమలు కాని బడిలో వేళ మారకూడదని రాయండి. అప్పుడు నేనూ సంతకం చేస్తాను.

ఉట్నూరు ఉపాధ్యాయుడు

ఏకోపాధ్యాయ పాఠశాలల విషయంలో సోదరుడి మాటే సరైనది. మిగిలిన చోట్ల వంతులకు మా సహోపాధ్యాయులను ఒప్పించడం సులభమని చెప్పలేను. దూరం నుంచి బస్సులో వచ్చేవారు చాలా మంది. అయినా ముందు వచ్చినవారు ఆ మేరకు ముందుగా వెళ్లవచ్చని ఉత్తర్వులోనే రాస్తే ఒప్పుకునే వీలుంది. ముసాయిదాలో ఆ వాక్యం కూడా ఉంచండి.

ఆదిలాబాద్ తల్లి

రెండు షరతులూ, ఏకోపాధ్యాయ బడులకు మినహాయింపూ చేర్చి ముసాయిదా తయారు చేస్తున్నాను. సోమవారం ప్రజావాణిలో కలెక్టరు గారికి ఇవ్వాలని అనుకుంటున్నాను. నాతో రాగలిగినవారు ఇక్కడే తెలియజేయండి. పనికి సెలవు దొరకనివారు సంతకం పంపినా చాలు.