ఇల్లు మారినప్పటి నుంచి మా కుక్కకి దురద ఆగట్లేదు, ఎవరికైనా ఇలా జరిగిందా?

అందరికీ నమస్కారం. మా చిన్నీకి నాలుగేళ్లు, లాబ్రడార్. విజయవాడలో ఉన్నన్నాళ్లూ ఏ జబ్బూ లేదు. జూన్‌లో హైదరాబాద్ శివార్లలో గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి వచ్చాం. మూడో వారం నుంచి మొదలైంది. రాత్రంతా ముందుకాళ్లు నాకుతూనే ఉంటుంది. వేళ్ల మధ్య లేత వెంట్రుకలు నాకి నాకి ఇటుక రంగుకి తిరిగాయి. పొట్ట కింద ఎర్రటి పొక్కులు, కుడి చెవిలోంచి పుల్లటి వాసన.

డాక్టర్‌గారు చర్మం గీరి చూసి గజ్జి కాదన్నారు. గోమార్ల వల్ల వచ్చే జ్వరానికి రక్తపరీక్ష చేస్తే అదీ లేదు. ఇంజెక్షన్ వేశాక పది రోజులు హాయిగా పడుకుంది, తర్వాత మళ్లీ మామూలే. తిండి మార్చలేదు, అదే చికెన్, అన్నం, పెరుగు.

పక్క ఖాళీ స్థలం నిండా వయ్యారిభామ మొక్కలే. వాటితో మనుషులకే దద్దుర్లు, ఆయాసం వస్తాయి కదా, ఇది రోజూ అందులోనే దొర్లుతుంది. పైగా బెడ్‌రూమ్ గోడకి చెమ్మ, బూజు. అమ్మకి కూడా ఇక్కడికి వచ్చాకే పొద్దున్నే తుమ్ములు పట్టుకున్నాయి. నాకు ఆ బూజు మీదే ఎక్కువ అనుమానం. ఫినాయిల్ ఆపేసి వారమైంది, తిరిగొచ్చాక కాళ్లు కడిగి ఆరబెడుతున్నా. కాస్త నయమేమో.

వయ్యారిభామ వల్ల మీ కుక్కలకి ఇలా అయిందా? చికెన్ మానేసి ఎనిమిది వారాలు చూడమంటున్నారు, ముందు అది చేయాలా, బూజు సంగతి చూడాలా? రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో చర్మ సమస్యలు చూపించినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. అర్ధరాత్రి ఆ నాకుడు చప్పుడు వింటుంటే నిద్ర పట్టట్లేదండి.