కాలిపర్ చెప్పే కొవ్వు శాతం నమ్మొచ్చా?

బక్కోడు34: నా వయసు 34. మొన్న జిమ్‌లో కోచ్ కాలిపర్‌తో, అదే చర్మం మడత మందం కొలిచే పటకారుతో, ఛాతీ, పొట్ట, తొడ దగ్గర గిల్లి కొలిచాడు. మూడూ కలిపితే 60 మి.మీ., అంటే 18.4 శాతం అన్నాడు. మర్నాడు ఇంకో కోచ్ కొలిస్తే 70 వచ్చింది, 21.2 శాతమట! రాత్రి తిన్న పెరుగన్నానికే మూడు శాతం కొవ్వు పట్టేసిందా? ఈ పరికరం శుద్ధ దండగ. కాదనేవాళ్లు చెప్పండి.

పాతకోచ్: పరికరాన్ని తిట్టకు తమ్ముడూ, తేడా గిల్లే చేతిలో ఉంది. పొట్ట మడతను బొడ్డుకు కుడిపక్క రెండు సెం.మీ. దూరంలో, నిలువుగా పట్టాలి. కండ రాకుండా చర్మాన్నీ కొవ్వునూ మాత్రమే పైకి లాగి, వేళ్లకు ఒక సెం.మీ. ఇవతల కాలిపర్ పెట్టి, మడత వదలకుండా రెండు సెకన్లలో చదివెయ్యాలి. ఆలస్యమైతే కొవ్వు నొక్కుకుపోయి ముల్లు దిగుతూనే ఉంటుంది. మంచి కాలిపర్ స్ప్రింగు చదరపు మి.మీ.కు 10 గ్రాముల చొప్పున నొక్కుతుంది. చవక ప్లాస్టిక్‌వి చాలావాటికి ఆ హామీ లేదు.

లెక్కలటీచర్: చెయ్యి కుదిరినా శాతాన్ని నేను నమ్మను. కాలిపర్ కొలిచేది మి.మీ. మాత్రమే. శాతం సూత్రంలోంచి వస్తుంది. మీ కోచ్‌లు వాడింది 1978 నాటి జాక్సన్–పొలాక్ సూత్రం, మీ అంకెలు వేసి చూశాను. అది అమెరికా మగవాళ్లను కొలిచి కట్టింది. ఇలాంటిదే ఇంకోటి, 1974 నాటి డర్నిన్–వోమర్స్‌లీ సూత్రమేమో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టింది. మనవాళ్ల తీరు వేరు: కాళ్లూ చేతులూ పుల్లల్లా, పొట్ట కుండలా. పేగుల చుట్టూ చేరిన కొవ్వు ఏ మడతలోకీ రాదు. మా ఆయన మడతలు చూస్తే సన్నం, టేపు పెడితే నడుము 96 సెం.మీ. మన మగవాళ్లకు 90 దాటితేనే జాగ్రత్తపడమంటారు. ఆయనకు షుగరు కూడా వచ్చింది.

పాతకోచ్: టీచరుగారూ, టేపు విషయం ఒప్పుకున్నాను. శాతం కూడా వదిలేద్దాం. మి.మీ. మొత్తమైనా ఉంచండి. మార్చిలో నాది 84, ఆగస్టుకు 61. బరువు తగ్గింది రెండు కిలోలే. తూకం ఒక్కటే చూసుంటే నీరుగారిపోయి మానేసేవాణ్ని.

లెక్కలటీచర్: అది సరే. మరి జిమ్ గోడ మీద "మూడు నెలల్లో 12 శాతం" బోర్డు ఎందుకు? అమ్ముకునేది శాతాన్నే కదా!

పాతకోచ్: బోర్డుకు నేను జవాబుదారీ కాదమ్మా. తమ్ముడూ, నెలకోసారి, వ్యాయామానికి ముందు, ఒకే మనిషితో, ఒకే కాలిపర్‌తో కొలిపించుకో. ఒక్కో చోట రెండుసార్లు, బాగా తేడా వస్తే మూడోసారి.

బక్కోడు34: సరే, నోటుబుక్కు కొన్నా. ఇద్దరు కోచ్‌లలో ఎవరితో కొలిపించుకోను?

పాతకోచ్: బొడ్డు పక్కన పెన్నుతో చుక్క పెట్టి గిల్లినవాడెవడో, వాడితో.

బక్కోడు34: ఇద్దరూ పెట్టలేదు అన్నా.