దవాఖానల ‘ఏందే’, ‘నువ్వు’ అనుడు మర్యాదేనా? నల్లగొండ, పాలమూరోళ్లు చెప్పుండ్రి

బత్తాయితోట:
మాది మునుగోడు దిక్కు. మా బాపుకు 68 ఏండ్లు. పోయిన ఎండకాలం రెండు బోర్లు ఎండి, పదకొండేండ్ల బత్తాయి తోట కండ్ల ముందట్నే పోయింది. చెట్లు కొట్టేసిన కాడికెళ్లి మనిషి మనాది పెట్టుకున్నడు. తినడు, మాట్లాడడు. రాత్రి లేసి మోటరు స్టార్టర్ డబ్బా కాడికి పోయి నిలవడుతడు. కరెంటు ఉన్నదా లేదా చూసి మల్ల వచ్చి పడుకుంటడు. నీళ్లు లేని బోరుకు కరెంటెందుకు బాపూ అని అడగ బుద్ధి కాలె.

డాక్టరుకు చూపిద్దామని ఒక దవాఖానకు తోల్కపోయిన. చిట్టీ రాసే పిలగానికి పాతికేండ్లు గూడ ఉండయి. తల ఎత్తకుంటనే “ఏందే ముసలాయనా, ఏమైంది నీకు? జల్ది చెప్పు” అన్నడు. ఎనుక ఇరవై మంది ఉన్నరు. బాపు భుజం మీది తువ్వాల తీసి మొకానికి అడ్డం పెట్టుకొని బయటకు నడిసిండు. బస్సు దిగేదాక నోరు తెరవలె.

మనసు బాగలేక వచ్చినోళ్లతోని ‘మీరు’ అనే మాట్లాడాలె అని దవాఖాన్ల నియమం పెట్టాలంటున్న. మీరేమంటరు?

పిల్లలమర్రి:
మీ బాపు గోస సదివి పానం కలుక్కుమన్నది. కాని నియమానికి ఒప్పుకోను. మా దిక్కు అమ్మను, నాయినను, తాతను ‘నువ్వు’ అనే అంటం. “అమ్మా, మీరు తిన్నరా” అంటే మా అమ్మ నాకు కోపమొచ్చింది అనుకుంటది. “ఏమే పెద్దయ్యా” అంటే తిట్టు కాదు, మందలించుడు. ఆ మాటనే చూడుండ్రి. మనకు మందలించుడంటే బాగోగులు అడుగుడు, పుస్తకాల భాషల కోప్పడుడు. మన ప్రేమ మాట అక్కడికి పోయేవరకు తిట్టైంది.

తెలంగాణల కవులు లేరంటే మా పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934ల 354 మంది కవులతోని ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి జవాబు చెప్పిండు. గంత కొట్లాడి నిలవెట్టుకున్న భాషను ఇయ్యాల మనమే మర్యాద లేనిదంటమా?

నా ముచ్చట చెప్త. కాలేజీల చేరిన మొదటి వారం సారును “నువ్వు చెప్పింది సమజ్ కాలె” అన్న. క్లాసంత నవ్వింది. సారు నన్ను నిలవెట్టి “మీ ఇంట్లో మర్యాద నేర్పలేదా” అన్నడు. మా అమ్మ కైకిలి చేసి సదివిచ్చింది. ఆమెను అన్నట్టైంది నాకు. మూడేండ్లు ఆ క్లాసుల ఒక్క డౌటు అడగలె.

కాలువగట్టు:
తోట అన్నా, 14416కు ఫోన్ చెయ్. టెలీ మానస్ అంటరు, మనసు బాగలేనోళ్లతోని మాట్లాడే సర్కారు ఫోన్ లైను. 2022 అక్టోబరు 10 కాడికెళ్లి నడుస్తున్నది. రాత్రి పగలు ఎత్తుతరు, పైసలు పడయి, తెలుగుల మాట్లాడుతరు.

బత్తాయితోట:
చేసినం. ఎత్తిన ఆమె “అయ్యా, మిమ్మల్ని ఏమని పిలవమంటరు” అని అడిగింది. ముప్పావుగంట మాట్లాడిండు. నేను గడప బయట కూసున్న. ఏ సాలుల ఏ చెట్టు ముందు ఎండిందో ఒక్కొక్కటి లెక్క చెప్పిండు. నాకు ఏనాడు చెప్పలె.

పిల్లలమర్రి:
గదే నాకు నచ్చది. కన్న కొడుకుకు చెప్పనిది మొకం తెల్వనోళ్లకు చెప్పుడేంది? వేపచెట్టు గద్దె మీద కూసునే మనుషులు ఊర్లె లేరా?

సంఘం అక్క:
నాది కల్వకుర్తి దిక్కు. మా ఆయన బొంబాయికి పనికి పోయి ఏడు నెలలు ఫోన్ చెయ్యలె. వచ్చినోళ్లందరు “ధైర్యంగ ఉండు, నీ ఒక్కదానికేనా కష్టం” అన్నరు. అందరు నన్ను ‘నువ్వు’ అనేటోళ్లే, నా మీద ప్రేమున్నోళ్లే. ఆ మాటతోని నా నోరు మూతవడ్డది. ధైర్యంగ ఉండుమన్నంక ఇగ ఏడిస్తే తప్పైతది గదా.

ఒక్క ముసలామె అనపకాయల సంచి పట్టుకొచ్చి నా ముందల కూసున్నది. ఇద్దరం ఒలిసినం. ఏం అడగలె. గింజలు నాకు పెట్టి, పొట్టు ఆమె బర్రెకు కొంచవోయింది. రెండోనాడు గూడ వచ్చింది. మూడోనాడు నేనే చెప్పిన. “అవునా బిడ్డా” అన్నది, అంతే. మీరు ‘నువ్వు’, ‘మీరు’ కాడనే కొట్లాడుతున్నరు. ఇనేటోళ్లే కరువైండ్రు.

పానగల్లు:
2017 మానసిక ఆరోగ్య చట్టం 20వ సెక్షన్ల ‘గౌరవంతో బతికే హక్కు’ అని ఉన్నది. ‘మీరు’ అనాలని మాత్రం లేదు.

పిల్లలమర్రి:
గట్ల చెప్పుండ్రి. అక్క చెప్పింది గూడ గదే. తోట అన్నా, మీ బాపు చిన్న మాటకు నొచ్చుకున్నడు. నువ్వు పట్నం మర్యాదలు నేర్చుకొని వచ్చి మన భాషకు కంచె కడుతున్నవ్.

బత్తాయితోట:
చిన్న మాటనా? చెప్పొద్దనుకున్న, అనిపిచ్చుకున్నవ్ గనక చెప్తున్న. ఆ తోట మా ఇంట్ల మొదటి పట్టా భూమి. అంతకుముందు బాపు ముప్పై ఏండ్లు ఒక పటేలు ఇంట్ల జీతమున్నడు. ఆ ఇంటి పదేండ్ల పోరడు ‘ఏరా’ అంటే చెప్పులు చేతుల పట్టుకొని నిలవడ్డడు. ఆయనను ‘నువ్వు’ అననోడు ఆ వాడల లేడు. వాళ్లల్ల ఒక్కన్ని ఆయన ‘నువ్వు’ అంటే ఏమైతుండె?

మీ అమ్మను నువ్వు ‘నువ్వు’ అంటవ్, ఆమె నిన్ను ‘నువ్వు’ అంటది. వచ్చుడు పోవుడు ఉన్నది. మా బాపుకు పడుడే ఉండె, తిరిగి అనుడు లేదు. పట్టా చేతికి వచ్చిననాడు ఆఫీసుల ఎవరో “కూసోండి” అన్నరట. ఇంటికొచ్చి ఆ ముచ్చట మా అమ్మకు మూడుసార్లు చెప్పిండు. ఇప్పుడు తోట పోయింది. చిట్టీ కాడ ‘ఏందే’ అనంగనే మల్ల జీతానికి పోయినట్టు అనిపిచ్చింది ఆయనకు.

గద్దె మీద కూసోమంటున్నవ్. ఆ గద్దె మీద మా బాపు ఏనాడన్న కూసున్నడా?

పిల్లలమర్రి:
రెండు గంటలసంది రాస్తున్న, తుడుస్తున్న. గద్దె సంగతి నాకు తట్టనే లేదు. మా ఇల్లు మా ఊరి గద్దె పక్కనే. నడక వచ్చిన కాడికెళ్లి దాని మీద ఆడుకున్న. అక్కడికి ఎవరు రారో ఎన్నడు చూడలె. చిన్న మాట అన్నది తప్పు, బాపుకు చెప్పు.

నియమానికి మాత్రం ఒప్పుకోను. ‘మీరు’ అనుకుంటనే మనిషిని గేటు బయట నిలవెట్టేటోళ్లను చూసిన. ‘మీరు’ రాని మా అమ్మ అసొంటిది రేపు ఆ చిట్టీ కాడ కూసునే నౌకరికి పోతే, మాట తీరు బాగలేదని పంపిస్తరు.

బత్తాయితోట:
మీ అమ్మ అయితే తల ఎత్తి మొకం చూస్తుండె, నాకు తెలుసు. కాని అందరు మీ అమ్మ అసొంటోళ్లు కారు. పటేలు వచ్చినా జీతగాడు వచ్చినా ఆ కిటికీ కాడ ఒక్క తీరు మాట ఉండాలె. గది నేను ఇడువ.

సంఘం అక్క:
లొల్లి రేపు పెట్టుకోండ్రి. బాపు తింటున్నడా?

బత్తాయితోట:
పొద్దుగాల సగం జొన్నరొట్టె తిన్నడు అక్కా. ఫోన్‌ల ఆమె సోమవారం మల్ల మాట్లాడమన్నది, ఒప్పుకున్నడు. స్టార్టర్ డబ్బా కాడికైతే రాత్రి గూడ పోయిండు.

సంఘం అక్క:
ఇయ్యాల పోతే ఎనుకనే నువ్వు గూడ పో. ఏం అడగకు. పక్కన నిలవడు.