ఇనుముకి భ్రాంతేమిటి?

అరసున్న:
రెండు రోజులుగా ఓ పద్యం నాలుక మీద ఆడుతోంది, దిగిరావట్లేదు. పోతన భాగవతంలో ప్రహ్లాదుడు గురువుగారితో అనేది, అయస్కాంతం దగ్గర ఇనుము ఎలాగో హరి సన్నిధిలో నా చిత్తమూ అలాగే అని. "ఇనుము నయస్కాంత సన్నిధి నెట్లు భ్రాంతమగు...", ఆ తర్వాత ఎక్కడో "కరఁగుచున్నది". అమ్మాయి స్కూల్లో అయస్కాంతాల ప్రాజెక్టు, అట్ట మీద పద్యం, అర్థం రాయాలని దాని సరదా. అసలు ఇనుముకి భ్రాంతేమిటి? మా నాన్నగారు "ప్రాప్తమగు" అని చదివినట్టు గుర్తు.

గణవిభజన:
ముందు ఆ "న" తీసేయండి. "ఇనుమయస్కాంత". తేటగీతి అది. ఇనుమ, నగణం. యస్కాంత, తగణం. సన్నిధి, భగణం. నెట్లు, భ్రాంత, రెండూ హగణాలు. మీ "న" ఉంటే రెండో గణం "నయస్కాం" అని యగణమై కూర్చుంటుంది. తేటగీతిలో దానికి పీట లేదు.

అరసున్న:
తీసేశాను మాస్టారూ. నా గొడవ భ్రాంత గురించి.

కొలిమిగట్టు:
"ప్రాప్త" కాదండీ. పోతన తెనిగించిన వ్యాసుడి శ్లోకం చూడండి: "యథా భ్రామ్యత్యయో బ్రహ్మన్ స్వయమాకర్షసన్నిధౌ", అయస్కాంతం దగ్గర ఇనుము తనంత తానే భ్రమించినట్టు అని. భ్రమ ధాతువుకి తిరగడమే మొదటి అర్థం, బుర్ర తిరగడం ఆ తర్వాత. సూదిని దారంతో వేలాడదీసి అయస్కాంతం దగ్గరికి తెండి. ముందు గిర్రున తిరిగి మొన సర్దుకుంటుంది, అప్పుడు అటు లాక్కుపోతుంది. దిక్సూచి ముల్లయితే తిరిగి ఊరుకుంటుంది. భూమి దాని ఒక కొసని ఎంత బలంతో లాగుతుందో రెండో కొసని అంతే బలంతో తోస్తుంది. తిప్పడమే, ఈడ్చడం లేదు. పోతన మాట కచ్చితంగా పడింది.

తుమ్మెద:
మరి నాలుగో పాదం? "బ్రాహ్మణోత్తమ! చిత్తంబు భ్రాంత మగుచు". చిత్తం కూడా గిర్రున తిరుగుతోందా? అక్కడ మోహమే. అక్కడ మోహమైతే ఇక్కడా మోహమే. పక్కనే "మందార మకరంద" పెట్టుకున్నవాడు దిక్సూచి గురించి ఆలోచిస్తాడా!

రైస్‌కుక్కర్:
నాకు "కరఁగుచున్నది" దగ్గరే పేచీ. ఇనుము కరిగేది 1538 డిగ్రీల దగ్గర. 770 దాటితేనే అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఎర్రగా కాల్చిన కత్తి ముక్క అంటుకుంటోందా లేదా అని చూసి వేడి పసిగట్టే కమ్మరులున్నారు. మీ ఇంట్లో మీట నొక్కే కుక్కర్ ఉంటే దాని కిటుకూ ఇదే. గిన్నె అడుగున ఓ మిశ్రలోహపు బిళ్ల, దానికి అంటుకుని అయస్కాంతం, దాన్ని విడదీయాలని చూసే స్ప్రింగు. నీళ్లున్నంతసేపూ గిన్నె 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీరంతా ఇంకగానే వేడి ఎక్కుతుంది, 100 కాస్త దాటగానే బిళ్ల పట్టు వదిలేస్తుంది, స్ప్రింగు గెలుస్తుంది, టక్. కరగడం దాకా పోతే భక్తి ఎక్కడ మిగులుతుందండీ?

తుమ్మెద:
కరిగేది చిత్తం బాబూ, ఇనుము కాదు. అన్వయం చూసుకుని కుక్కర్ పెట్టండి.

కొలిమిగట్టు:
కానీ "కరగు" పోతనదే. మూలంలో "భిద్యతే చేతః", మనసు చీలడం. ఆయన చేతిలో చీలేది కూడా కరుగుతుంది, అది వేరే సంగతి. కాళిదాసు కుమారసంభవంలో "అయస్కాంతేన లోహవత్" అన్నాడు. శివుడి మనసు లాగండర్రా అని బ్రహ్మ దేవతలకి చెప్పేచోట. అక్కడ లాగడం, ఇక్కడ తిరగడం. తేడా గమనించారా?

తుమ్మెద:
గమనించాను. ఒప్పుకోలేదు.

రైస్‌కుక్కర్:
ఇంతకీ సూదంటురాయి అనే చక్కటి మాట ఉండగా ఈ అయస్కాంతమెందుకు? "ఇనుము సూదంటురాతి సన్నిధిని నెట్లు". గణాలు లెక్కపెట్టుకోండి.

గణవిభజన:
లెక్కపెట్టాను. ఆశ్చర్యం, అన్నీ కుదిరాయి. యతే చచ్చింది. "ఇ"కి "ని" ఏ లెక్కన పడుతుంది? ఆయనది "సన్నిధిన్" మీద "ఎట్లు", ఇ-ఎ మైత్రి. పైగా సన్నిధిని అన్నాక మళ్లీ నెట్లేమిటి?

అరసున్న:
రేపు పొద్దున్నే అట్ట ఇవ్వాలట. "తిరుగుతుంది" అని రాయనా, "మోహిస్తుంది" అని రాయనా?

గణవిభజన:
ఏదైనా రాయండి. ఆ "న" మాత్రం మళ్లీ రానివ్వకండి.