జెడ్డా టవరు: ఎంత లేచింది, ఎక్కడి దాకా లెక్క కట్టాలి?

ఓభుర్ బాట

అందరికీ నమస్కారం. మాది జగిత్యాల దగ్గరి పల్లె. బతుకుతెరువు కోసం నేను జెడ్డాకు వచ్చిన మరుసటి ఏడాది, అంటే 2013 ఏప్రిల్‌లో, నగరానికి ఉత్తరాన ఓభుర్ వైపు, ప్రపంచంలోకెల్లా ఎత్తైనది కావాలని తలపెట్టిన ఈ టవరు పనులు మొదలయ్యాయి. 2018 ఆరంభంలో అవి ఆగిపోయాక, ఆ మొండి కట్టడాన్నీ దాని నెత్తిన కదలకుండా నిలబడిన క్రేన్లనూ ఏళ్ళ తరబడి చూసిన మాలో చాలామంది ఇక ఇది ఇంతేననుకున్నాం. 2025 జనవరిలో 64వ అంతస్తుకు కాంక్రీటు పోసి పని మళ్ళీ మొదలుపెట్టారు. మొత్తం 42 నెలల్లో, అంటే 2028లో, పూర్తి చేస్తామని అప్పుడే ప్రకటించారు.

నాటి నుంచి ప్రతి శుక్రవారం ఉదయం, ఎండ ముదరకముందే, రోడ్డు పక్కన ఒకే దీపస్తంభం దగ్గర నిలబడి ఫోటో తీస్తున్నాను. గదికి వచ్చి ఆ ఫోటోను పెద్దది చేసుకుని అంతస్తుల వరుసలు లెక్కపెడతాను. నాతో గదిలో ఉండే ఆర్మూరు మిత్రుడు కూడా లెక్కపెడతాడు. మొన్న ఒకే ఫోటో మీద మా ఇద్దరికీ ఐదు అంతస్తుల తేడా వచ్చింది; వార్తల్లో చూసిన సంఖ్య ఇద్దరి లెక్కకూ సరిపోలేదు. దీనికి తోడు మా మధ్య ఇంకో తగువు నడుస్తున్నది. వెయ్యి మీటర్లకు పైన అని చెబుతున్న ఈ ఎత్తులో మనిషి నిలబడగలిగేది ఎంత, ఊరికే సూదిలా పైకి పొడుచుకుపోయేది ఎంత? సూదిని ఎత్తులో కలపడం మోసమని అతని వాదన. అనుభవం ఉన్నవారు ఈ రెండు విషయాలూ తేల్చి చెప్పగలరా?

లెవెల్ మిషన్

నేను కట్టడాల సర్వే పనిలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను. మీ ఇద్దరి లెక్కలూ సరైనవే కావచ్చు. ఇద్దరూ లెక్కపెట్టినది మాత్రం ఒకటి కాకపోవచ్చు. ఇటువంటి టవర్లలో లిఫ్టులూ మెట్లూ ఉండే నడిమి గోడల భాగాన్ని కోర్ అంటాం. దానికి కట్టిన షట్టరింగ్ జాకీల సాయంతో తనంతట తానే పైకి పాకుతుంది కనుక కోర్ ఎప్పుడూ నాలుగైదు అంతస్తులు ముందు ఉంటుంది, చుట్టూ వేసే శ్లాబులు దాని వెనుక నెమ్మదిగా వస్తాయి. ఒకరు కోర్ కొసను, ఇంకొకరు చివరి శ్లాబును చూసి లెక్కపెడితే ఐదు అంతస్తుల తేడా రావడంలో వింత లేదు. వార్తల్లో వచ్చే సంఖ్య కోర్‌దా, శ్లాబుదా అన్నది కూడా చాలాసార్లు రాయరు.

రెండో చిక్కు యంత్రాల అంతస్తులతో వస్తుంది. నీటి పంపులు, ఏసీ యంత్రాలు, కరెంటు పరికరాలు పెట్టే అంతస్తులు మామూలు వాటికంటే ఎత్తుగా ఉంటాయి, ఒక్కోచోట రెండు అంతస్తుల ఎత్తు ఉంటాయి. దూరం నుంచి చూసినవారు వాటిని రెండుగా లెక్కపెట్టవచ్చు, ఒకటిగానూ లెక్కపెట్టవచ్చు.

ఫోన్‌లో కోణం కొలిచే యాప్‌తో ఎత్తు తేల్చవచ్చని ఎవరైనా సలహా ఇస్తే నమ్మకండి. మూడు కిలోమీటర్ల దూరం నుంచి కొలిచినప్పుడు కోణంలో అర డిగ్రీ పొరపాటు జరిగితే ఎత్తులో 26 మీటర్ల తేడా వస్తుంది, అది ఆరేడు అంతస్తులకు సమానం. చేతిలో పట్టుకున్న ఫోన్ అర డిగ్రీ కదలకుండా ఉండడం కష్టం. దానికంటే మీ దీపస్తంభం పద్ధతే మేలు. అదే చోటు, అదే జూమ్, అదే వేళ పాటిస్తూ, ఫోటోలో ఎప్పటికీ మారని ఒక గుర్తును పట్టుకుని, అక్కడి నుంచి పైకి మాత్రమే లెక్కపెట్టండి. ఏడేళ్ళు ఎండకూ ఉప్పుగాలికీ నిలిచిన పాత కాంక్రీటుకూ, 64వ అంతస్తు నుంచి పోసిన కొత్తదానికీ రంగు తేడా కనిపిస్తే, అంతకంటే మంచి గుర్తు దొరకదు.

సోనాపూర్ బస్సు

ఈ చర్చ చదువుతుంటే నాకు 2007 గుర్తుకు వచ్చింది. అప్పుడు నేను దుబాయిలో వేరే ఒక భవనం మీద సెంట్రింగ్ పని చేసేవాణ్ణి. సోనాపూర్ క్యాంపు నుంచి తెల్లవారుజామున బస్సు బయలుదేరితే, చలికాలపు పొగమంచులో ఊరంతా మునిగిపోయి, బుర్జ్ పై భాగమూ దాని క్రేన్ల ఎర్రదీపాలూ మాత్రమే మంచు మీద తేలుతూ కనిపించేవి. అప్పట్లో దాని పేరు బుర్జ్ దుబాయ్. ఎంత ఎత్తు కడుతున్నారో కట్టేవారు చివరిదాకా బయటపెట్టలేదు. అందుకే బస్సులో రోజూ పందేలు నడిచేవి. ఆ ఏడాది జులైలో 508 మీటర్ల తైపీ 101ను దాటిందని, సెప్టెంబరులో 553 మీటర్ల టొరంటో సీఎన్ టవరునూ దాటిందని తెలిసినప్పుడు, పందెం ఓడినవారు బస్సు మొత్తానికీ చాయ్ పోయించారు. 2010 జనవరి 4న ప్రారంభోత్సవం నాడు 828 మీటర్లని ప్రకటించి, పేరును కూడా బుర్జ్ ఖలీఫాగా మార్చారు. 800 దాటదని పందెం కాసినవాణ్ణి నేనే.

అంతస్తులు లెక్కపెట్టి ఎత్తు చెప్పినవారంతా అక్కడ ఎలా దెబ్బతిన్నారో చెబుతాను. కాంక్రీటును 606 మీటర్ల ఎత్తు దాకా పంపుతో ఎక్కించారు; అది ఆనాటికి ప్రపంచ రికార్డు. వేసవిలో కాంక్రీటును రాత్రిపూట, మంచుముక్కలు కలిపి పోసేవారు. పగటి వేడికి అది గొట్టంలోనే బిగుసుకుంటుందని మా మేస్త్రీ చెప్పేవాడు. కాంక్రీటు అయిపోయాక మిగిలిన పై భాగమంతా ఉక్కే. ఆ ఉక్కు కొనను భవనం లోపలే అమర్చి, జాకీలతో కొద్దికొద్దిగా పైకి నెట్టారు. బయటి నుంచి చూసేవారికి అంతస్తు ఒక్కటీ పెరిగేది కాదు, ఎత్తు మాత్రం పెరుగుతూ ఉండేది. మా లెక్కలన్నీ అక్కడే తప్పాయి. జెడ్డాలోనూ చివరి దశకు వచ్చేసరికి మీ అంతస్తుల లెక్క పనికిరాకుండా పోవచ్చు.

షికాగో చలి

సోనాపూర్ బస్సు గారు చెప్పిన జాకీల విద్య కొత్తది కాదు. 1929లో న్యూయార్కులో క్రైస్లర్ భవనం కట్టినవారు తమ ఉక్కు కొనను లోపల రహస్యంగా అమర్చి, అక్టోబరు 23న పైకి లేపారు. దానితో 319 మీటర్లు అయి, పోటీలో ఉన్న 283 మీటర్ల 40 వాల్ స్ట్రీట్ వెనుకబడిపోయింది.

నేను ఉంటున్న ఊరికి ఈ కొన తగువు బాగా తెలుసు. 1996లో కౌలాలంపూర్ పెట్రోనాస్ జంట భవనాలు 452 మీటర్లతో మా సియర్స్ టవరు నుంచి ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనమన్న బిరుదు తీసుకుపోయాయి. సియర్స్ 442 మీటర్లే కానీ, దాని నెత్తిన ఉన్న యాంటెన్నాలను లెక్కలోకి తీసుకోలేదు. పెట్రోనాస్ కొనలను మాత్రం నిర్మాణంలో భాగమని కలిపారు. మనిషి ఉండగల ఆఖరి అంతస్తు సియర్స్‌లో 413 మీటర్ల ఎత్తున ఉంటే, పెట్రోనాస్‌లో 375 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఈ గొడవ తరువాతే ఎత్తైన భవనాల మండలి ఎత్తును రకరకాలుగా విడదీసి చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు మూడు లెక్కలు ఉన్నాయి: కట్టడపు కొన దాకా ఒకటి, వాడుకలో ఉండే ఆఖరి అంతస్తు దాకా ఒకటి, యాంటెన్నా జెండాకర్రలతో సహా ఒకటి. బిరుదు మొదటి లెక్క మీదనే ఇస్తారు. 2013 నవంబరులో మళ్ళీ మాకే దెబ్బ తగిలింది, ఈసారి అమెరికాలో ఎత్తైన భవనమన్న పేరు కూడా పోయింది. న్యూయార్కు వన్ వరల్డ్ ట్రేడ్ సెంటరు కప్పు 417 మీటర్లే అయినా, పైనున్న స్తంభం యాంటెన్నా కాదు కొన అని మండలి తేల్చడంతో అది 541 మీటర్లు అయి కూర్చుంది. ఆ స్తంభానికి చుట్టవలసిన తొడుగును అప్పటికే డిజైను నుంచి తీసేశారు. నా కంటికి అది ఇప్పటికీ యాంటెన్నాలాగే కనిపిస్తుంది.

కలశం

మాది శ్రీకాళహస్తి. ఈ తేడా అర్థం కావడానికి అంత దూరం పోనవసరం లేదు. గోపురం ఎత్తు చెప్పేటప్పుడు కలశాలను వదిలి చెప్పేవారు మా ఊళ్ళో ఎవరూ లేరు. కలశం లేని గోపురం పూర్తయినట్టే కాదు. ఉత్సవాలప్పుడు అదే గోపురానికి మైకు కడతారు, దాన్ని మాత్రం ఎవరూ ఎత్తులో కలపరు. కట్టినవాడు మొదటి గీతలోనే గీసుకున్నది కలశం, తరువాత తగిలించినది మైకు. ఆర్మూరు మిత్రుడు జెడ్డా కొనను మోసం అనడం నాకు ఒప్పుదల కాలేదు. ఆ టవరు రూపమే అడుగు నుంచి కొన దాకా సన్నబడుతూ పోయేది. మూడు రెక్కలూ ఏటవాలుగా లేచి ఒకచోట కలిసేలా గీసిన బొమ్మలో కొనను నరికేస్తే మిగిలేది మొండెమే.

లెవెల్ మిషన్

కలశం గారి పోలిక బాగుంది, దానిలో ఒక ఇబ్బంది మాత్రం ఉంది. కలశం గోపురంలో ఎన్నో వంతు ఉంటుంది? బుర్జ్ ఖలీఫాలో మనుషులు వాడే ఆఖరి అంతస్తు 585 మీటర్ల దగ్గర ఉంది. ఆ పైన 240 మీటర్లకు పైగా ఉన్న భాగం వాడుకకు పనికివచ్చేది కాదు. కోకాపేటలో లేచిన 58 అంతస్తుల నివాస భవనం మొత్తం ఎత్తు సుమారు 235 మీటర్లే. కలశమే ఒక ఆకాశహర్మ్యమంత ఉందన్నమాట.

ఇంకొక జత అంకెలు చూడండి. బుర్జ్ 828 మీటర్లు, షాంఘై టవరు 632 మీటర్లు. తేడా 196 మీటర్లు. అదే ఆఖరి అంతస్తుల లెక్క తీసుకుంటే బుర్జ్ 585, షాంఘై 583. ఒక మంచం పొడవు తేడా! ఈ రెండు వరుసలనూ పక్కపక్కన చూసిన రోజు నుంచి, నా మటుకు నేను ఆఖరి అంతస్తు ఎత్తునే ముందు అడుగుతున్నాను, కొన సంగతి తరువాత. కట్టడపు కష్టమంతా మనుషులనూ నీళ్ళనూ కరెంటునూ పైకి చేర్చడంలోనే ఉంది.

షికాగో చలి

ఆ లెక్కన చూసినా జెడ్డాదే గెలుపు అవుతుంది. అక్కడి లిఫ్టుల్లో ఒకటి ఏకబిగిన 660 మీటర్లు ఎక్కేలా ఒప్పందం కుదిరింది. ఉక్కు తాడు తన బరువును తానే మోయలేక 500 మీటర్ల దగ్గర చేతులెత్తేస్తుంది కనుక, కార్బన్ నారతో చేసిన తేలికైన పట్టీని వాడాలని తయారీ సంస్థ కోనే నిర్ణయించింది. బుర్జ్ ఆఖరి అంతస్తు కంటే 75 మీటర్లు పైకి లిఫ్టు వెళ్తుందంటే, సూదిని పూర్తిగా విడిచిపెట్టినా మొదటి స్థానానికి ఢోకా లేదు. రెండు టవర్ల రూపశిల్పీ ఒకరే, ఏడ్రియన్ స్మిత్. తన రికార్డును తానే దాటుతున్నాడు.

కోకాపేట కిటికీ

కోకాపేట మాట వచ్చింది కాబట్టి, పై కొన గురించే కాదు, కింది నేల గురించి కూడా తగువు ఉంటుందని చెప్పాలి. మూడేళ్ళ క్రితం ఇల్లు కొనడానికి ఒక బిల్డరు కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి కుర్రవాడు ఎంతో ఉత్సాహంగా, "సార్, మాకు 700 మీటర్లకు విమానాశ్రయ అనుమతి ఉంది" అన్నాడు. 700 మీటర్ల భవనం ఉంటే హైదరాబాదులో నాకు తెలియకుండా ఎలా ఉంటుందని కాగితం చూపించమన్నాను. అది విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ఇచ్చిన ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం. దానిలో రాసేది సముద్రమట్టం నుంచి ఎత్తు. హైదరాబాదు నేలే సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల పైన ఉంది. నేలను తీసేస్తే భవనానికి మిగిలేది 160 మీటర్ల లోపే. ఆ కుర్రవాడు మోసం చేశాడని అనను, అతనికే తెలియదు.

మన దగ్గర 2006 నిబంధనల తరువాత నేల విస్తీర్ణాన్ని బట్టి కట్టగల విస్తీర్ణానికి పరిమితి ఎత్తేశారు కనుక, రోడ్డు వెడల్పు, చుట్టూ వదలవలసిన ఖాళీ, విమానాశ్రయ అనుమతి, ఈ మూడే ఎత్తును నిర్ణయిస్తున్నాయి. కొనేవారు మూడో కాగితంలోని అంకెను చూసి భ్రమపడకుండా ఉండాలి. ఇంతకీ మండలి లెక్కలో కింది హద్దు ఏది?

లెవెల్ మిషన్

మనుషులు ఆరుబయట నుంచి నడిచి వచ్చే ముఖ్యమైన గుమ్మాలలో అన్నిటికంటే కిందిది. సెల్లార్లు లెక్కలోకి రావు, సముద్రమట్టమూ రాదు. జెడ్డాలో ఆ గుమ్మానికి కింద కొన్ని పైల్స్ (పునాది కోసం భూమిలోకి దింపే కాంక్రీటు స్తంభాలు) 105 మీటర్ల లోతుకు దిగాయి, మొత్తం 270 పైల్స్ వేశారు. అక్కడి పగడపు సున్నపురాయి నేల గట్టిదీ కాదు, మరీ మెత్తనిదీ కాదు. మొదట ఒక మైలు ఎత్తు కట్టాలని అనుకుని, నేల పరీక్షలు చూశాక ఆలోచనను తగ్గించుకున్నారు. ఆ లోతును కూడా ఎవరైనా ఎత్తులో కలపమంటే నాకు అభ్యంతరం లేదు, పోసినవారి శ్రమ అంత ఉంది.

ఓభుర్ బాట

అందరికీ ధన్యవాదాలు. మీ సమాధానాలను మిత్రుడికి చదివి వినిపించాను. కోర్ సంగతి వినగానే, తాను లెక్కపెట్టినది కోర్ కొసననీ నేను చూసినది శ్లాబుననీ ఒప్పుకున్నాడు. కలశం మాటకు మాత్రం లొంగలేదు. 585, 583 అంకెలను గోడ మీద క్యాలెండరు పక్కన రాసి పెట్టుకున్నాడు.

పాత ఫోటోలు తిరగేసి చూస్తే, పైభాగంలో ఒకచోట రంగు మారినట్టే అనిపిస్తున్నది. అది కాంక్రీటు తేడానో, సముద్రం మీది నుంచి వచ్చే ఆవిరి తెరనో ఇంత దూరం నుంచి తేల్చలేకపోతున్నాను. వచ్చే శుక్రవారం తెల్లవారుజామునే వెళ్ళి, తూర్పు ఎండ నేరుగా గోడ మీద పడే వేళకు ఫోటో తీస్తాను. ఈసారి శ్లాబు, కోర్ రెండింటినీ వేర్వేరు వరుసల్లో రాసి ఇక్కడ పెడతాను. చేతిలో ఫోన్ కదలకుండా ఉండేందుకు మిత్రుడు దీపస్తంభానికి ఒక చెక్కముక్కను తాడుతో కట్టుకుని వస్తానన్నాడు.