దూరపు ట్రయాథ్లాన్‌కు దిట్టమైన శరీరం అడ్డంకా?

విశాఖ_కెరటం:
నా వయసు 34, ఎత్తు 178 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. చదువుకునే రోజుల్లో కబడ్డీ ఆడినందువల్ల భుజాలు, తొడలు దిట్టంగా ఉంటాయి. కొంత పొట్ట కూడా ఉంది. గోవాలో జరిగే 70.3 పోటీ (1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు) పూర్తి చేసి, తరువాతి సంవత్సరాల్లో దీనికి రెట్టింపు దూరం ఉండే పూర్తి ఐరన్‌మ్యాన్‌కు సిద్ధం కావాలని ఉంది. వీడియోల్లో కనిపించే క్రీడాకారులు చాలామంది సన్నగా ఉంటారు. ముందుగా ఒక పన్నెండు కిలోలు తగ్గి, ఆ తరువాతే శిక్షణ మొదలుపెట్టడం మంచిదా? ఉద్యోగం వల్ల వారానికి ఎనిమిది గంటలకు మించి కేటాయించలేను.

దూరపు_బాట:
తగ్గిన తరువాతే మొదలుపెట్టాలన్న ఆలోచనను విరమించుకోండి. ఈ ఆటలో విజేతలందరికీ ఒకే అచ్చు లేదు. 2015, 2016, 2019 సంవత్సరాల్లో హవాయిలోని కోనాలో ఐరన్‌మ్యాన్ ప్రపంచ విజేతగా నిలిచిన జర్మన్ క్రీడాకారుడు యాన్ ఫ్రోడెనో ఎత్తు సుమారు 194 సెంటీమీటర్లు. టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచి, 2022 మే నెలలో అమెరికాలోని సెయింట్ జార్జ్‌లో ఐరన్‌మ్యాన్ ప్రపంచ టైటిల్ కూడా సాధించిన నార్వే వాసి క్రిస్టియన్ బ్లుమ్మెన్‌ఫెల్ట్ అతనికంటే దాదాపు 20 సెంటీమీటర్లు పొట్టి; విశాలమైన ఛాతీ, బలమైన మొండెం ఉన్న అతన్ని చూస్తే పరుగు వీరుడని ఎవరూ వెంటనే అనుకోరు.

దీనికి కారణం మూడు ఆటలూ శరీరాన్ని మూడు వైపులకు లాగడమే. ఈతలో బరువును నీరు మోస్తుంది కాబట్టి పొడవైన చేతులు, భుజాల బలం, అన్నింటికీ మించి పద్ధతి పనికొస్తాయి. చదునైన రోడ్డుపై సైకిల్ తొక్కేటప్పుడు ప్రధాన శత్రువు గాలి; అక్కడ బరువుకంటే కాళ్లు పుట్టించే శక్తి, వంగి కూర్చునే భంగిమ ముఖ్యం. ఎక్కుడు దారి వస్తే లెక్క మారిపోతుంది. పురుషుల ప్రపంచ పోటీని 2023లో ఫ్రాన్స్‌లోని నీస్ కొండల్లో నిర్వహించినప్పుడు, ప్రతి అదనపు కిలోకూ మూల్యం చెల్లించక తప్పని మార్గమది. పరుగులోనైతే ప్రతి అడుగులోనూ ఆ మూల్యం ఉంటుంది.

ఎండమావి:
పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, మన తీరప్రాంతపు ఉక్కపోతను అందులో లెక్కలోకి తీసుకోలేదు. శరీరం పెద్దదయ్యేకొద్దీ పరుగులో పుట్టే వేడి పెరుగుతుంది, కానీ ఆ వేడిని బయటికి పంపే చర్మపు విస్తీర్ణం అదే నిష్పత్తిలో పెరగదు. పైగా తేమ ఎక్కువున్న గాలిలో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందువల్ల గోవాలో మీకు బరువు తగ్గడం నిజంగా ఉపయోగపడేది చివరి 21 కిలోమీటర్లలోనే.

అయితే ఆ తగ్గడం నెలల తరబడి, నెమ్మదిగా జరగాలి. శిక్షణ పెంచుతూ తిండి తగ్గించేవారిలో తలెత్తే శక్తి కొరతకు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే ప్రత్యేకంగా ఒక పేరు పెట్టి హెచ్చరించింది: ఎముకల్లో సన్నని పగుళ్లు, హార్మోన్ల లోపం, స్త్రీలలో నెలసరి ఆగిపోవడం దాని ఫలితాలు. పన్నెండు కిలోల లక్ష్యం పెట్టుకున్నవారు ఈ గోతిలో తేలికగా పడతారు. కఠినమైన శిక్షణ ఉన్న రోజుల్లో కడుపు మాడ్చుకోకండి.

మూడాటల_మనిషి:
ఎనిమిది గంటలు 70.3 పూర్తి చేయడానికి సరిపోతాయి. వృత్తి క్రీడాకారులు వారానికి పాతిక గంటలకు పైగా శ్రమిస్తారు కాబట్టి వారి పట్టికను కుదించి వాడుకోవడంలో అర్థం లేదు. వారి అలవాటును మాత్రం తీసుకోవచ్చు. ఎక్కువ భాగం మాట్లాడుతూ సాగగలిగినంత తేలికగా, కొంచెం మాత్రమే గట్టిగా చేయడం ఆ అలవాటు. కోనాలో ఆరుసార్లు గెలిచిన మార్క్ అలెన్, 180 నుంచి వయసును తీసివేయగా వచ్చే గుండె వేగాన్ని దాటకుండా నెలల తరబడి సాధన చేశాడు. మీ లెక్క నిమిషానికి 146 అవుతుంది. ఆ సూత్రం అందరికీ అతికినట్టు సరిపోదు, కానీ కబడ్డీ నుంచి వచ్చినవారికి ఆవేశాన్ని అదుపులో పెట్టడానికి పనికొస్తుంది.

ఆదివారం రెండున్నర గంటలు సైకిల్ తొక్కి, దిగిన వెంటనే ఇరవై నిమిషాలు పరుగెత్తండి. దీన్ని మావాళ్లు బ్రిక్ అంటారు. మిగిలిన సమయంలో ఈతకు పెద్దపీట వేయండి, ఎందుకంటే బరువైన తొడలు నీటిలో కిందికి జారతాయి, ఆ జారుడు బలంతో కాక భంగిమతోనే సర్దుకుంటుంది. వీలైతే శిక్షకుడిని పెట్టుకొని రెండు నెలలు దానిమీదే దృష్టి పెట్టండి. బరువులెత్తే వ్యాయామాన్ని వారానికి ఒకసారైనా ఉంచుకోండి.

విశాఖ_కెరటం:
అందరికీ ధన్యవాదాలు. పొడవైన సైకిల్ సాధనలో ఏమీ తినకపోతే కొవ్వు త్వరగా కరుగుతుందని ఒకరు చెప్పారు. అది సరైనదేనా అండీ?

మూడాటల_మనిషి:
పోటీకి సిద్ధమయ్యేవారు అలా చేయకూడదండీ. తినడం కూడా సాధన చేయవలసిన విషయమే. గంటకు 30 గ్రాముల పిండిపదార్థంతో మొదలుపెట్టి, వారాల వ్యవధిలో 60కి పెంచండి; పేగులు అలవాటు పడకుండా పోటీ రోజున ఒక్కసారిగా తింటే పరుగులో కడుపు తిప్పేస్తుంది. మధ్యస్థమైన అరటిపండులో సుమారు 25 గ్రాములుంటాయి. తగ్గించదలచుకుంటే సాధన లేని రోజున రాత్రి భోజనంలో అన్నం తగ్గించండి.