బోర్లు కలిపి వాడుకుందామంటే నాయన ఒప్పుకోవడం లేదు. ఇప్పటికే చేసినవాళ్లు చెప్పండి

మడకశిర కుర్రోడు:

అందరికీ నమస్కారం. మాది మడకశిర వైపు పల్లె. మూడున్నర ఎకరాల ఎర్రనేల. నాయన ఇప్పటిదాకా ఐదు బోర్లు వేయించాడు. నాలుగు ఎండిపోయాయి. ఐదోది 620 అడుగులు, రెండించులకు కొంచెం తక్కువగా పోస్తోంది. ఆ నాలుగింటి అప్పులో ఇంకా లక్షా ఎనభై వేలు మిగిలే ఉంది.

పక్కపక్క పొలాలవాళ్లం తొమ్మిది మందిమి. మాతో కలిపి నలుగురికి బోర్లున్నాయి, ఐదుగురికి లేవు. పోయినేడు పూత తర్వాత చెనిక్కాయ ఊడలు భూమిలోకి దిగే టైములో ఇరవై మూడు రోజులు చినుకు లేదు. ఆ ఐదుగురి పంటా పోయింది. వాళ్లలో ఒకాయన నాకు చిన్నాయన వరస. ఈసారి ఎలాగైనా బోరు వేయిస్తానని పాయింట్ కూడా పెట్టించుకున్నాడు. మా బోరుకి అరవై గజాలు ఉండదు. అది పడితే మాది ఎండుతుందేమోనని టెన్షన్. వద్దని ఆయనతో అనడానికి నోరు రావడం లేదు.

అందుకే నాలుగు బోర్లూ పైపులతో కలిపి, కొత్త బోరు వేయకుండా, ఉన్న నీళ్లు అందరం వాడుకుందామని అన్నాను. నాయన ససేమిరా అంటున్నాడు. "అప్పు కట్టేది నేను, నీళ్లు పదిమందికా?" అంటాడు. ఆ మాటా తప్పు అనలేను. మోటారు కాలితే ఎవరు పెట్టుకోవాలి? ఒకరి బోరు ఎండితే వాళ్ల సంగతేంటి? కాగితం ఎలా రాసుకోవాలి?

కళ్యాణదుర్గం రైతు:

తమ్ముడూ, మేం పదకొండు మందిమి కలిసి బోర్లు కలుపుకున్నాం. ఇది ఏడో ఏడు. కాగితం సంగతి తర్వాత. ముందు ఒక 200 లీటర్ల డ్రమ్ము తెచ్చుకోండి.

మోటారు వేసిన వెంటనే కొలవొద్దు, మొదట్లో వచ్చే నీళ్లు చూసి మోసపోతాం. గంటసేపు ఆడనిచ్చి అప్పుడు డ్రమ్ము పెట్టండి, ఫోన్‌లో సెకన్లు చూడండి. తొమ్మిది మందీ అక్కడే ఉండాలి. మా దాంట్లో ఒకాయన తన బోరు మూడించులు పోస్తుందని ఎప్పుడూ చెప్పేవాడు. డ్రమ్ము నిండడానికి 105 సెకన్లు పట్టింది. అంటే సెకనుకి రెండు లీటర్లు కూడా లేదు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. ఎకరంలో ఒక మిల్లీమీటరు నీళ్లు పారాలంటే సుమారు 4,000 లీటర్లు కావాలి. వాన ఆగిపోయినప్పుడు స్ప్రింక్లర్లతో 20 మిల్లీమీటర్ల తడి ఇస్తే చెనిక్కాయ నిలబడుతుంది. అంటే ఎకరానికి 80,000 లీటర్లు. సెకనుకి రెండు లీటర్ల బోరు, తొమ్మిది గంటల కరెంటులో 65,000 లీటర్ల దాకా ఇస్తుంది. అలాంటివి నాలుగుంటే రోజుకి మూడెకరాలు తడుస్తాయి. తలా ఒక ఎకరం అనుకుంటే తొమ్మిది మందికీ మూడు రోజుల పని. ఊడలు దిగేటప్పుడు ఒకటి, గింజ కట్టేటప్పుడు ఒకటి, ఈ రెండు తడులే కదా మనకి కావాల్సింది.

మీ నాయనకి ఇంకో లెక్క చెప్పు. వరికి పంటకాలం మొత్తానికి 1,200 మిల్లీమీటర్లు వేసుకున్నా, అరెకరం మడికి 24 లక్షల లీటర్లు పోతాయి. ఆ నీళ్లతో ముప్పై ఎకరాల చెనిక్కాయకి ఒక తడి ఇవ్వొచ్చు. మా కాగితంలో మొదటి మాటే వరి వేయకూడదని. రెండోది, పదేళ్లు ఎవరూ కొత్త బోరు వేయకూడదని.

మా అన్న కూడా మీ నాయనలాగే అన్నాడు. నీటిమట్టం కొలిచే తీగ ఉంటుంది, కొస నీళ్లకి తగలగానే పైన మోగుతుంది. ముందురోజు సాయంత్రమే మా బోరు ఆపేశాం. పొద్దున ఆరింటికి 212 అడుగుల దగ్గర మోగింది. డెబ్బై గజాల అవతల పక్కాయన మోటారు వేయించాం. తొమ్మిదికి 219, పన్నెండుకి 226. మేం ఒక్క చుక్క తోడలేదు. అన్న నమ్మక, ఆ మోటారు ఆపించి తనే తీగ పట్టుకుని కూర్చున్నాడు. నాలుగింటికి మట్టం 217కి ఎక్కింది. ఇంటికొచ్చే దారిలో ఒకటే అడిగాడు, మన బోరు ఎండితే మనకి నీళ్లిస్తారా అని. ఇస్తారు. బోరు ఎండినా ఆ రైతు ఎకరానికి వచ్చే నీటి వాటా అలాగే ఉంటుంది. బోరున్నవాళ్లకి దీంట్లో దొరికే అసలు లాభం అదే. మూడో ఏడు మా బోరే ఎండింది. అప్పటి నుంచీ మా ఎకరానికి పక్కవాళ్ల నీళ్లే వస్తున్నాయి.

మోటారు కాలితే ఎకరాల లెక్కన అందరం వేసుకుంటాం. బోరున్నవాళ్లకి అదనంగా అరెకరం వాటా ఇచ్చాం, వాళ్ల అప్పుకి మర్యాదగా. పొలం అమ్మితే కొన్నవాళ్లు కూడా ఇదే కాగితానికి కట్టుబడాలి.

తప్పు చేసింది పైపుల దగ్గర. చివర ఎత్తు మీద ఒక అక్క పొలం ఉంది. మధ్యలో మూడు గేట్ వాల్వులు మూస్తేగానీ ఆమెకి నీళ్లు ఎక్కేవి కావు. మొదటి ఏడు ఆమె పంట సగం పోయింది. అప్పటి నుంచి వంతు చివరి పొలంతోనే మొదలుపెడుతున్నాం. మీరు మొదటిరోజే అలా రాసుకోండి.

దేవరకొండ మాస్టారు:

పై అన్న చెప్పిన లెక్కలకి ఒక మాట కలుపుతాను. 2003 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలు కొలుచుకునే ప్రాజెక్టు నడిచింది. మా నల్లగొండ జిల్లా, మీ అనంతపురం కూడా అందులో ఉన్నాయి. రోజూ వాన కొలవడం, పదిహేను రోజులకోసారి బోర్ల మట్టం చూడడం, యాసంగికి ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటలకి కావాల్సినవెన్ని అని గోడ మీద రాయడం. ఈ పంట వేయొద్దని ఎవరినీ బలవంతపెట్టలేదు. అంకె చూసి ఎవరికి వాళ్లే వరి తగ్గించుకున్నారు. నేను కళ్లారా చూశాను.

ప్రాజెక్టు అయిపోయాక మా ఊళ్లో మట్టం కొలిచే పిల్లవాడు పనికోసం హైదరాబాద్ వెళ్లిపోయాడు. మట్టాలు రాసే పుస్తకం అక్కడితో ఆగింది. రెండేళ్లకి మళ్లీ బోరు బండ్లు వచ్చాయి. తప్పు మాది, ఆ పిల్లవాడికి నెలకి వెయ్యి రూపాయలు మేమే ఇచ్చుకోవాల్సింది. మీరు పుస్తకం రాసే మనిషికి మొదటిరోజే జీతం పెట్టండి.

2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొత్త బోరుకి అనుమతి కావాలి. అయినా ఆ మాటతో మీ చిన్నాయనని బెదిరించకండి. ఆయన పంట పోయింది. ముందు ఆయన ఎకరానికి నీళ్లు చూపించండి.

పుణె నుంచి:

నీళ్ల విషయంలో ఊరంతా ఒక్కమాట మీద నడిచే మహారాష్ట్ర పల్లె హివ్రే బజార్ వెళ్లి చూశాను. అహ్మద్‌నగర్ జిల్లా, ఇప్పుడు అహిల్యానగర్ అంటున్నారు. అక్కడ వ్యవసాయానికి బోరు వేయకూడదన్నది ఊరి నిర్ణయం. చెరకు, అరటి వేయరు. ఏటా పడిన వానని బట్టి పంటలు ఖాయం చేసుకుంటారు. సర్పంచ్‌గా ముందు నిలబడి నడిపించిన పోపట్‌రావ్ పవార్‌కి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మీ నాయనని వీలైతే తీసుకెళ్లి చూపించండి.

మడకశిర కుర్రోడు:

అందరికీ థాంక్స్. రాత్రి నాయనకి మొత్తం చదివి వినిపించాను. ముప్పై ఎకరాల లెక్క రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఒప్పుకున్నానని అనలేదు. పొద్దున లేచి డ్రమ్ము కడిగి బండి మీద పెట్టాడు. చిన్నాయన బోరు బండిని వచ్చే నెలదాకా ఆగమన్నాడు. ఆదివారం ఏడింటికి మొదటి బోరు మాదే కొలుస్తాం. అన్నా, తీగ ఎంత పొడుగుది తీసుకోవాలి?

కళ్యాణదుర్గం రైతు:

బోరు 620 అడుగులైనా తీగ నీటిమట్టం దాకా దిగితే చాలు, 500 అడుగులది తీసుకో తమ్ముడూ. మోటారు వైరుకి చుట్టుకోకుండా నెమ్మదిగా దింపు. కేసింగ్ పైపు పైఅంచున ఎక్కడి నుంచి కొలిచావో పెయింట్‌తో గుర్తు పెట్టు, మళ్లీసారి అక్కడి నుంచే కొలవాలి.